‘ఆధారం లేదు’ అంటే సరిపోదు, ఏ పరీక్ష చేశారో చెప్పాలి

పలాసలో గానీ, కవిటిలో గానీ, వజ్రపుకొత్తూరులో గానీ కిడ్నీ జబ్బు మీద ఏ సభ జరిగినా చివర్లో ఎవరో ఒక రైతు లేచి అదే ప్రశ్న అడుగుతాడు. ‘‘ఇది మేం కొట్టే మందుల వల్లేనా బాబూ?’’ వేదిక మీద నుంచి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. ‘‘అలా అనడానికి ఆధారం లేదు.’’ రైతు కూర్చుంటాడు. సభ ముగుస్తుంది. మర్నాడు జీడి తోటలో టీ దోమకు మళ్లీ మందు కలుపుతాడు.

ఈ నెల సంపాదకీయం ఆ జవాబు గురించే. ఆధారం లేదు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. సరిగా వెతికాం, దొరకలేదు అన్నది ఒకటి. అసలు వెతకలేదు, లేదా దొరకని విధంగా వెతికాం అన్నది రెండోది. మొదటిదైతే రైతుకు ధైర్యం వస్తుంది. రెండోదైతే రైతు మోసపోతాడు. మనకు చెబుతున్నది ఈ రెండింటిలో ఏదో తెలుసుకోవాలంటే పురుగుమందుల విషగుణాన్ని ప్రయోగశాలలో ఎలుకల మీద ఎలా పరీక్షిస్తారో, ఆ పరీక్ష ఎప్పుడు నమ్మదగినదో, ఎప్పుడు కాదో కొంతైనా తెలిసి ఉండాలి. ఇది శాస్త్రవేత్తల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. డబ్బా మీద ముద్ర పడేది ఆ పరీక్ష కాగితాల మీద ఆధారపడే. ఆ డబ్బా మూత తీసేది మనం.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంతవరకు తేలలేదు. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా ఈ జబ్బు వస్తోంది. పొలం పని చేసేవారిలో, కొబ్బరి, జీడి తోటల మధ్య బతికేవారిలో ఎక్కువగా కనబడుతోంది. నీరు, ఎండ, నొప్పి మాత్రలు, పురుగుమందులు, వంశపారంపర్యం అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఇవి ఉద్దానం ప్రజలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి. అయితే డయాలసిస్ యంత్రం జబ్బు వచ్చాక పనికొస్తుంది. జబ్బు ఎందుకు వచ్చిందో అది చెప్పదు.

బాల్కన్ పల్లెల అనుభవం

మన జబ్బుకు పోలిక ఉన్న జబ్బు యూరప్‌లో ఒకటి ఉంది. డాన్యూబ్ నదీ, దాని ఉపనదుల పక్కన ఉండే సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, బల్గేరియా, రుమేనియా పల్లెల్లో రైతు కుటుంబాలు మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయని 1950లలో వైద్యులు రాశారు. ఒక ఊళ్లో ఉంటే పక్క ఊళ్లో ఉండదు. నీటిని అనుమానించారు, బూజు విషాన్ని అనుమానించారు, వంశాన్ని అనుమానించారు. దాదాపు యాభై ఏళ్లు గడిచాయి.

చివరికి చిక్కుముడి విప్పింది డీఎన్ఏ. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అరిస్టలోకియా మొక్క గింజలు పంటతో పాటు పిండిలో కలిసేవి. వాటిలోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండం కణాల్లో డీఎన్ఏకు అతుక్కుపోతుంది. ఆ అతుకు ఒక ప్రత్యేకమైన ముద్ర వదులుతుంది. రోగుల మూత్రపిండాల్లో, కణితుల్లో ఆ ముద్ర దొరికిందని 2007లో పరిశోధకులు ప్రకటించారు. యాభై ఏళ్ల వాదన అక్కడితో ఒక దారికి వచ్చింది.

ఈ కథలో మనం గుర్తుపెట్టుకోవలసిన మరో భాగం ఉంది. అరిస్టలోకిక్ ఆమ్లం తిన్న ఎలుకలకు క్యాన్సర్ వస్తోందని 1982లోనే జర్మనీ పరిశోధన చెప్పింది. పదేళ్ల తర్వాత బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మందు వాడిన ఆడవాళ్లకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ మందులో ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మూలిక చేరింది. ఎలుక ముందే హెచ్చరించింది. ఆ హెచ్చరిక చేరవలసిన చోటికి చేరలేదు.

ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని మేం అనడం లేదు. అయితే మన ప్రాంతంలో నాటువైద్యంలో వాడే గాడిదగడప, నల్ల ఈశ్వరి ఈ అరిస్టలోకియా జాతి మొక్కలే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారూ లేనివారూ కూడా వాటిని లోపలికి తీసుకోకూడదు. ఈ మాట ఇంటింటికీ చెప్పండి.

చిన్న చుక్క, తోకచుక్క

డీఎన్ఏ దెబ్బతిన్నదా లేదా అని బతికున్న జంతువులో చూసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఎక్కువగా వాడేవి రెండు.

మొదటిది మైక్రోన్యూక్లియస్ పరీక్ష. ఎముక మజ్జలో ఎర్రరక్తకణం తయారయ్యేటప్పుడు దాని కేంద్రకం బయటికి వెళ్లిపోతుంది. క్రోమోజోము విరిగి ముక్క విడిపోయి ఉంటే ఆ ముక్క మాత్రం కణంలోనే చిన్న చుక్కలా మిగిలిపోతుంది. ఎలుకకు మందు ఇచ్చి, ఒకటి రెండు రోజుల తర్వాత మజ్జ తీసి, లేత ఎర్రకణాల్లో చుక్క ఉన్నవి ఎన్నో లెక్కపెడతారు. 1970లలో వచ్చిన పరీక్ష ఇది.

రెండోది కామెట్ పరీక్ష, అంటే తోకచుక్క పరీక్ష. కణాలను పలుచని జిగురు పొరలో ఉంచి, పై తొడుగు కరిగించి, విద్యుత్తు పంపుతారు. చెక్కుచెదరని డీఎన్ఏ ఉన్నచోటే ఉంటుంది. తెగిన ముక్కలు ముందుకు జరుగుతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే తలా తోకా ఉన్న తోకచుక్కలా కనిపిస్తుంది. దెబ్బ ఎంత ఎక్కువైతే తోకలోకి అంత డీఎన్ఏ చేరుతుంది. నేడు ఎక్కువగా వాడే క్షార పద్ధతిని 1988లో నరేంద్ర సింగ్, ఆయన సహచరులు రూపొందించారు. మజ్జలోనే కాదు, కాలేయంలో, మూత్రపిండంలో, ఏ అవయవంలోనైనా ఈ పరీక్ష చేయవచ్చు. ఉద్దానానికి ముఖ్యమైన విషయం అదే.

ఈ పరీక్షలు ఎక్కడో విదేశాల్లో జరిగేవి మాత్రమే కావు. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ పరిశోధకులు 2002లో క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్ మందులను చిట్టెలుకలకు నోటి ద్వారా ఇచ్చి తోకచుక్క పరీక్ష చేశారు. ఈ రెండూ మనకు తెలిసిన మందులే. క్లోర్‌పైరిఫాస్‌ను జీడిలో కాండం, వేరు తొలుచు పురుగుకు మాను మీద పూస్తాం. ఎసిఫేట్ వరిలో కొడతాం. మందు ఇచ్చిన 24 గంటలకు తెల్లరక్తకణాల్లో డీఎన్ఏ దెబ్బతిన్నట్టు స్పష్టంగా కనిపించింది. మోతాదు పెరిగిన కొద్దీ దెబ్బ పెరిగింది. 48 గంటల నుంచి తగ్గుతూ వచ్చింది. 96 గంటలకు మందు ఇవ్వని ఎలుకలతో సమానమైంది, ఎందుకంటే కణం తన డీఎన్ఏను తానే మరమ్మతు చేసుకుంది.

ఈ ఒక్క ఫలితంలో పెద్ద పాఠం ఉంది. ఆ పరిశోధకులు 96 గంటలప్పుడు మాత్రమే రక్తం తీసి ఉంటే ఏం రాసేవారు? ‘హాని కనిపించలేదు’ అని రాసేవారు. అందులో అబద్ధం ఏమీ ఉండదు. కానీ రైతు తప్పుదారి పట్టేవాడు. రక్తం ఎప్పుడు తీయాలన్న ఒక్క నిర్ణయం మీద జవాబు తలకిందులవుతుంది. ఒక్కసారి తగిలిన దెబ్బ నాలుగు రోజుల్లో మానింది సరే, నాలుగు రోజులకోసారి మళ్లీ మందు కొట్టేవాడి సంగతేమిటి? దానికి వేరే పరీక్ష కావాలి.

మనుషుల్లోనూ చూశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర పరిశోధకులు పత్తి చేలలో మందు కొట్టేవారి రక్తకణాల్లో క్రోమోజోముల లోపాలు ఎక్కువగా ఉన్నాయని 1989లో ప్రచురించారు. ఐఐసీటీ వారే 2003లో పురుగుమందుల తయారీ కార్మికుల్లో తోకచుక్క పరీక్షతో అలాంటి ఫలితమే చూపారు. అంటే తెలుగునేల మీద ఈ పని చేయగల చేతులు, యంత్రాలు ఉన్నాయి. కొరత అక్కడ లేదు.

కాటా సరైనదేనా?

పరీక్ష నమ్మదగినదా కాదా అన్నది తేల్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. జీడి పిక్కలు అమ్మేటప్పుడు వ్యాపారి కాటాను మనం ఎలా చూస్తామో అలాగే చూడాలి.

బస్తా పెట్టకముందు కాటా సున్నా చూపాలి. ప్రయోగంలో మందు ఇవ్వని గుంపు ఆ పని చేస్తుంది. మందు ఇవ్వని ఎలుకల్లో కూడా కొద్దిపాటి దెబ్బ సహజంగా ఉంటుంది. అది ఎంతో ఆ ప్రయోగశాల తన పాత లెక్కలన్నీ దగ్గర పెట్టుకుని చూపాలి. తర్వాత తెలిసిన తూకం రాయి పెట్టి కాటా దాన్ని సరిగా చూపుతోందా అని చూస్తాం. ప్రయోగంలో డీఎన్ఏను దెబ్బతీస్తుందని అందరికీ తెలిసిన రసాయనం ఒకటి, ఉదాహరణకు సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు, ఇంకో గుంపు ఎలుకలకు ఇస్తారు. ఆ గుంపులో దెబ్బ కనబడాలి. అక్కడే కనబడలేదంటే కాటా పాడైంది. పాడైన కాటా మీద మన బస్తా తేలిగ్గా తూగిందని సంతోషించేదేముంది?

మూడోది, ఎన్ని ఎలుకలు, ఎన్ని కణాలు. మందు ఇవ్వని ఎలుకలో వెయ్యి లేత కణాలకు రెండు మూడింటిలో చుక్క సహజంగానే ఉంటుంది. వెయ్యి కణాలే లెక్కపెడితే రెండు కనబడొచ్చు, నాలుగు కనబడొచ్చు, అది మందు వల్లో అదృష్టం వల్లో చెప్పలేం. అందుకే ఓఈసీడీ దేశాల మార్గదర్శకం 2014లో లెక్కను రెండింతలు చేసింది. ప్రతి ఎలుకకూ కనీసం 4,000 కణాలు చూడాలని, గుంపుకు కనీసం ఐదు ఎలుకలు ఉండాలని అంది. తోకచుక్క పరీక్షకు అదే ఏడాది మొదటిసారి మార్గదర్శకం వచ్చింది. అందులో ఒక్కో జంతువు నుంచి కనీసం 150 కణాలు చూడాలి.

ఇక్కడ ఒక మోసం జరగడానికి వీలుంది. ఐదు ఎలుకల్లో 4,000 చొప్పున చూసి ‘‘మేం 20,000 పరిశీలనలు చేశాం’’ అనొచ్చు. ఒకే మడిలో వెయ్యి దుబ్బులు లెక్కపెట్టి వెయ్యి మళ్లు చూశానంటే ఒప్పుకుంటామా? ఆ దుబ్బులన్నీ ఒకే నేల, ఒకే నీరు తాగినవి. అలాగే ఒక ఎలుక కణాలన్నీ కలిపి ఒక్క సాక్షి కిందే లెక్క. సాక్షులు ఐదుగురే.

నాలుగోది, ఏ ఎలుకకు మందు, ఏ ఎలుకకు ఉత్త నీళ్లు అన్నది చీటీలు వేసి తేల్చాలి. చలాకీగా ఉన్నవాటిని ఒక పక్క, నీరసంగా ఉన్నవాటిని ఒక పక్క పెడితే ఫలితం ముందే రాసేసినట్టు. కణాలు లెక్కపెట్టే మనిషికి ఏ గాజుపలక ఏ ఎలుకదో తెలియకూడదు. ఇది ఎవరి బస్తానో తెలిసి పిక్కల నాణ్యత చూసే కొనుగోలుదారు చూపు ఎటు మొగ్గుతుందో మనకు తెలియనిది కాదు.

ఐదోది, మోతాదు. కనీసం మూడు మోతాదులు ఉండాలి. పై మోతాదు ఎలుక తట్టుకోగలిగినంత ఎక్కువగా ఉండాలి. మరీ తక్కువ ఇచ్చి హాని లేదనడం తేలిక. అసలు ఆ మందు మజ్జ దాకా, మూత్రపిండం దాకా చేరిందని కూడా చూపాలి. చేరని చోట వెతికి దొరకలేదంటే దానికి విలువ లేదు. రెండో వైపు జాగ్రత్త కూడా ఉంది. మోతాదు మరీ ఎక్కువై కణాలు చచ్చిపోతుంటే వాటి డీఎన్ఏ తనంతట తానే ముక్కలవుతుంది. అప్పుడు తోకచుక్క కనబడినా అది మందు డీఎన్ఏను నేరుగా కొట్టిన దెబ్బ కాకపోవచ్చు. కాబట్టి అవయవాన్ని కోసి సూక్ష్మదర్శినిలో చూసి కణాలు చస్తున్నాయా లేదా అన్నది కూడా రాయాలి. మందును దోషిగా నిలబెట్టాలన్నా, నిర్దోషిగా వదలాలన్నా నియమం ఒకటే.

ఆరోది, ఒక్క పరీక్షతో సరిపెట్టకూడదు. కార్బెండజిమ్ సంగతి చూడండి. విత్తన శుద్ధికి, తెగుళ్లకు మనం ఏళ్లుగా వాడుతున్న మందు. అది డీఎన్ఏను తెంపదు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను పంచిపెట్టే దారాలను పాడుచేస్తుంది. దాంతో ఒక కణానికి ఎక్కువ, ఒక కణానికి తక్కువ వస్తాయి. తెగినవాటిని పట్టుకునే తోకచుక్క పరీక్ష దీన్ని పట్టుకోలేదు. మైక్రోన్యూక్లియస్ పరీక్ష పట్టుకుంటుంది. ఒక్క తోకచుక్క పరీక్ష కాగితం చూపి కార్బెండజిమ్ క్షేమం అంటే అది సగం నిజం.

ఇన్ని షరతులు ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది. ఈ పరీక్షల్లో మూగజీవాలు చనిపోతాయి. జంతు ప్రయోగాలకు మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కమిటీ అనుమతి కావాలి. సరిగా రూపొందించని పరీక్షలో చచ్చిన ఎలుక ఎవరికీ పనికిరాకుండా చచ్చినట్టే.

కాగితాలు రాసేదెవరు?

పరీక్ష సరిగా రూపొందించినా నిజాయితీగా జరగాలి కదా. అమెరికాలో ఇండస్ట్రియల్ బయో-టెస్ట్ అనే ప్రయోగశాల ఉండేది. మందుల, రసాయనాల కంపెనీలకు ఎలుకల పరీక్షలు చేసిపెట్టేది. ఆ దేశంలో జరిగే విష పరీక్షల్లో పెద్ద భాగం అక్కడే జరిగేవి. 1976లో ప్రభుత్వ తనిఖీ అధికారి ఒకరు కాగితాల్లో తేడా గమనించి తవ్వితే నిజం బయటపడింది. నీటి ఏర్పాటు చెడి ఎలుకల గది చిత్తడిగా మారింది. అక్కడి సిబ్బందే దాన్ని బురదగుంట అని పిలిచేవారు. ఎలుకలు కుళ్లిపోయి పరీక్షకు పనికిరాకుండా పోయినా కాగితాల్లో ఫలితాలు మాత్రం వచ్చాయి. 1983లో అక్కడి అధికారులు ముగ్గురికి కోర్టులో నేరం రుజువైంది. ఆ మోసాల వల్లే మంచి ప్రయోగశాల పద్ధతులు, అంటే జీఎల్‌పీ అనే నియమావళి పుట్టింది. మన దేశంలో ఆ ధ్రువీకరణకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద 2002లో ఒక సంస్థ ఏర్పడింది.

జీఎల్‌పీ ఉంటే కాగితాలు దొంగవి కావని కొంత నమ్మకం. కానీ ఏ ప్రశ్న అడగాలో అది చెప్పదు. గడ్డి మందు గ్లైఫోసేట్ వివాదం ఇక్కడే ఉంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనిషికి బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. డీఎన్ఏను దెబ్బతీస్తుందనడానికి గట్టి ఆధారం ఉందని చెప్పింది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు కాదన్నాయి. కారణాల్లో ముఖ్యమైనది ఒకటుంది. నియంత్రణ సంస్థలు ఎక్కువగా శుద్ధమైన గ్లైఫోసేట్ మీద కంపెనీలు చేయించిన పరీక్షలు చూశాయి. క్యాన్సర్ సంస్థ బయట ప్రచురితమైన పరిశోధనలను, ఇతర రసాయనాలు కలిసిన తయారీ మందు మీద జరిగినవాటితో సహా చూసింది.

మరి టెక్కలి రైతు ట్యాంకులో పోసేది ఏది? శుద్ధమైన గ్లైఫోసేట్ కాదు. ఆకుకు అంటుకునే రసాయనం కలిసిన డబ్బా మందు. ఒక్కోసారి రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలుపుతాం. ఎలుకకు ఒక్క మందును నోట్లో పోస్తారు. మనకు చర్మం మీద, ఊపిరిలో, మధ్యాహ్నపు ఎండలో, దాహంతో ఉన్నప్పుడు పడుతుంది. ఎండ వేరే విషయం కాదు. 2014లో అమెరికాలో చిట్టెలుకలను రోజూ వేడిలో ఉంచి చూశారు. వేడి తగిలే వేళలోనే నీళ్లు అందినవాటి మూత్రపిండాలు బాగున్నాయి. నీళ్లు రాత్రికే అందినవాటి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వేడి, దాహం, మందు మూడూ కలిసినప్పుడు మూత్రపిండం డీఎన్ఏకు ఏమవుతుందన్నదే ఉద్దానం అడగవలసిన ప్రశ్న.

మన చట్టం ఏమంటోంది? 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ మందులను నమోదు చేస్తుంది. సెక్షన్ 9(3) కింద మొదట వచ్చే కంపెనీ విష పరీక్షల కాగితాలు ఇవ్వాలి. తర్వాత అదే మందుతో వచ్చే కంపెనీలకు సెక్షన్ 9(4) కింద ఆ పరీక్షలు మళ్లీ అక్కర్లేదు. అంటే మార్కెట్‌లో పది పేర్లతో అమ్మే మందుకు వెనక ఉన్నవి ఒకరి పరీక్షలే, ఎప్పటివో ఏ పద్ధతిలో చేసినవో. ఆ పూర్తి నివేదికలు రైతు చేతికి రావు. యూరప్‌లో గ్లైఫోసేట్ క్యాన్సర్ అధ్యయనాలను బయటపెట్టాల్సిందేనని అక్కడి కోర్టు 2019 మార్చిలో తీర్పు ఇచ్చింది. వ్యాపార రహస్యం కన్నా ప్రజల ఆరోగ్యం పెద్దదని చెప్పింది. మనకు ఆ మాత్రం హక్కు లేదా?

2020 మేలో కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చింది. క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, కార్బెండజిమ్, మోనోక్రోటోఫాస్ అందులో ఉన్నాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా నిషేధించినవి డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్ మూడే. కొబ్బరి వేరుకు మనం ఎక్కించిన మోనోక్రోటోఫాస్‌లో 36 శాతం ద్రావణాన్ని నిలిపేశారు. మరికొన్నింటికి కొన్ని పంటల్లో పరిమితి పెట్టారు. మిగిలినవాటిని ఏ పరీక్షలు చూసి వదిలిపెట్టారో రైతుకు ఎవరూ వివరించలేదు. 2025లో స్టాక్‌హోం ఒప్పందం దేశాలు క్లోర్‌పైరిఫాస్‌ను కొన్ని మినహాయింపులతో నిర్మూలించవలసిన జాబితాలో చేర్చాయి. జీడి రైతుకు ఇంకో ఉదాహరణ కూడా తెలుసు. కేరళ కాసర్‌గోడ్ జీడి తోటలపై ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి పిల్లల పరిస్థితి చూసి ఊళ్లు గోల పెట్టినప్పుడు చెప్పిన జవాబు కూడా ‘ఆధారం లేదు’ అనే. 2011 మే 13న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసే దాకా ఆ వాదన నడిచింది.

కాగితాన్ని నమ్మి నష్టపోవడం మనకు కొత్త కాదు. సోంపేట బీలను కాగితాల మీద పనికిరాని భూమిగా చూపారు. చేపలు, నీళ్లు, పంటలు అక్కడి జనం కళ్లకు కనిపిస్తున్నా అనుమతి వచ్చింది. 2010 జులై 14న కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల విషయంలో మనం అడిగిన ప్రశ్న ఒక్కటే. చూసి రాశారా, చూడకుండా రాశారా? ఇప్పుడు మందుల విషయంలో అడగవలసింది కూడా అదే.

మేం అడుగుతున్నవి

ఒకటి, ఉద్దానంలో ఎక్కువగా వాడే మందులకు రిజిస్ట్రేషన్ సమయంలో సమర్పించిన డీఎన్ఏ పరీక్షల పూర్తి నివేదికలను కేంద్రం బయటపెట్టాలి. ఏ ఏడాది చేశారు, ఎన్ని జంతువులు, ఎన్ని కణాలు, ఏ మోతాదు, ఎన్ని గంటలకు తీశారు అన్నవి అందులో ఉండాలి. 2014కు ముందు పద్ధతిలో చేసిన పరీక్షలను కొత్త పద్ధతిలో మళ్లీ చేయించాలి.

రెండు, శుద్ధ రసాయనం మీదే కాకుండా డబ్బా మందు మీద, రైతులు కలిపే మిశ్రమాల మీద, పదేపదే ఇచ్చి, మూత్రపిండం కణజాలంలో పరీక్ష జరగాలి. వేడి, నీటి కొరత ఉన్న గుంపు కూడా ఉండాలి.

మూడు, పలాస పరిశోధన కేంద్రానికి హైదరాబాద్‌లోని ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి వాటితో కలిసి ఈ పని చేసే బాధ్యత, నిధులు ప్రభుత్వం ఇవ్వాలి. ఖర్చు కంపెనీలు భరించినా పరీక్ష వాటి చేతిలో ఉండకూడదు. ప్రయోగం మొదలుకాకముందే దాని పథకాన్ని ప్రకటించాలి. ఫలితం ఎలా వచ్చినా ప్రచురించాలి.

నాలుగు, మందు కొట్టే రైతులు, కూలీల్లో, కొట్టనివారిలో రక్తకణాల పరీక్ష వారి అంగీకారంతో జరగాలి. ఫలితం వారికి తెలుగులో చెప్పాలి.

ఇక మనం చేయగలిగింది కూడా ఉంది. ఏ మందు, ఏ రోజు, ఎంత, దేనితో కలిపి కొట్టామో ఒక నోటు పుస్తకంలో రాసుకుందాం. బిల్లు, డబ్బా మీది బ్యాచ్ నంబరు దాచుకుందాం. ఎలుకకు ఇచ్చిన మోతాదు మిల్లీగ్రాములతో సహా రాసి ఉంటుంది. మన ఒంటికి తగిలిన మోతాదు ఎవరూ రాయడం లేదు. రేపు పరిశోధకులు వస్తే వారికి కావలసిన మొదటి కాగితం అదే. పనిలో ఉండగానే నీళ్లు తాగుదాం, ఇంటికి వచ్చాక అని వాయిదా వేయొద్దు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా మింగొద్దు. ఉద్దానంలో సీరం క్రియాటినిన్ పరీక్ష ఏటా చేయించుకుందాం.

ఎలుకల పరీక్ష ఒక్కటే ఉద్దానం చిక్కుముడి విప్పేస్తుందని మేం అనడం లేదు. సరిగా పరీక్షించాక మందులు కారణం కాదని తేలితే ఆ మాట ఈ పత్రికలోనే మొదటి పేజీలో వేస్తాం. అప్పుడు నీటి మీద, ఎండ మీద దృష్టి పెట్టవచ్చు. అది కూడా మనకు లాభమే. సరిగా వెతక్కుండా దొరకలేదని చెప్పడాన్ని మాత్రం ఒప్పుకోం. ఈసారి సభలో ‘ఆధారం లేదు’ అని ఎవరైనా అంటే కూర్చోవద్దు. ఏ పరీక్ష చేశారు, ఎన్ని ఎలుకలు, ఎన్ని గంటలకు, ఏ అవయవంలో, ఎవరు చేశారు అని అడగండి. జవాబు వచ్చే దాకా నిలబడే ఉండండి.